అరవై అడుగుల ఆషాఢం

శుభవార్త వచ్చేసరికి కోమలి చిత్తూరులో ఒక స్కూలు గ్రౌండులో గొంతుక్కూర్చుని ఉంది. ఎడమ చేతికి లావుపాటి తోలు గ్లవ్, ముఖానికి ఇనప కమ్మీల మాస్కు, చుడీదారు లోపలికి దోపుకున్న కొత్త పసుపుతాడు. పెళ్ళయి పద్దెనిమిది రోజులు. అరవై అడుగుల అవతల మట్టిదిబ్బ మీద ఆమె మొగుడు సుకుమార్ కుడికాలితో నేల గీకుతున్నాడు. బంతి వెయ్యబోయే ముందు ఆ కాలు ఎప్పుడూ అట్లాగే గీకుతుంది, పలుపు విప్పమని గొడవచేసే కోడెదూడ కాలిలాగా. ఆ గీకుడు చూడ్డమంటే తనకెంత ఇష్టమో కోమలి ఇంకా ఎవరికీ చెప్పలేదు. అతనికి అసలే చెప్పలేదు.

సంచిలో ఫోను మోగింది. సుకుమార్ ఫోనే గాని, బంతులు వేసే గంటసేపూ అది ఆమె దగ్గరే ఉంటుంది. పేరు చూసి, మాస్కు తియ్యకుండానే ఎత్తింది. స్టెల్లా మేడం. ఎనిమిదో తరగతిలో సుకుమార్ చేతికి మొదటిసారి బేస్‌బాల్ ఇచ్చిన డ్రిల్ టీచరు. తను రిటైరైనా అతన్ని మాత్రం రిటైరు కానివ్వలేదు.

"కోమలీ, నలుగుర్లో మనోడొకడు," అంది ఆమె. "ఆ నలుగుర్లో తీసుకునేది ఒకర్నే. జూలై ఇరవై ఏడు, ఆదివారం, చెన్నైలో ఆఖరి పరీక్ష. వాడికి నువ్వే చెప్పుమ్మా. నేను చెప్తే ఏడుస్తాను."

కోమలి ఫోను పడేసి, బంతి పడేసి, ఆ అరవై అడుగులూ పరుగెత్తింది. మాస్కు తియ్యాలన్న సంగతే మర్చిపోయింది. కమ్మీలు అతని గడ్డానికి కొట్టుకున్నాయి. అతను గడ్డం పట్టుకుని, సంగతి విని, అక్కడే మూడుసార్లు గుండ్రంగా తిరిగాడు. తర్వాత గ్రౌండు చుట్టూ ఒక చుట్టు పరుగెత్తి వచ్చి, "ఇంకోతూరి చెప్పు," అన్నాడు.

దేశంలో జీతమిచ్చి బేస్‌బాల్ ఆడించే లీగు కొత్తగా మొదలవుతోంది. అందులో చెన్నై జట్టుకు ఒక రిలీఫ్ పిచర్ కావాలి. రెండేళ్ళ ఒప్పందం. సుకుమార్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఏడాదికోసారి పొడిగించే డ్రిల్ మాస్టరు ఉద్యోగం. ఈసారి కూడా కాకపోతే గ్లవ్‌ను అటకెక్కించేస్తానని పెళ్ళికి ముందే చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అతని కాలు నేల గీకుతూనే ఉంది.

రిలీఫ్ పిచర్ అంటే ఏమిటో చిత్తూరులో చెప్పి ఒప్పించడం కష్టం. ఆట మొదలుపెట్టి బంతులు వేసేవాడు ఒకడుంటాడు. వాడి చెయ్యి అలిసి, అవతలివాళ్ళు చితక్కొట్టడం మొదలుపెట్టి, ఇక మునిగిపోతామన్నప్పుడు పిలిచేవాడు ఇంకొకడు. ఆ ఇంకొకడు సుకుమార్. దాన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నవాడు అతని తండ్రి గోవిందయ్య. ఆయన ఆర్టీసీలో హైదరాబాదు బస్సుకు రెండో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అనంతపురం దాకా ఒకరు, ఆ తర్వాత ఆయన. "బస్సు తీసినోడి పేరు అందురికీ తెలుస్తాది, ఊరు చేర్చినోడి పేరు ఎవురూ అడగరు. చేర్చేది మాత్రం వాడే," అంటాడు, మీసం కింద నవ్వుకుంటూ.

గోవిందయ్యకు కనీసం అనంతపురంలో పిలుపు ఖాయం. సుకుమార్‌కు అదీ లేదు. ఒకసారి జాతీయ పోటీల్లో ఆరు మ్యాచులకూ కంచె అవతల చెయ్యి వేడిచేసుకుంటూ నిలబడ్డాడు. ఒక్కదానికీ పిలవలేదు. అట్లా పద్నాలుగేళ్ళు పిలుపు కోసం కాచుకుని కాచుకుని, ఒకచోట కూర్చోవడమే అతనికి రాకుండా పోయింది. అన్నం నిలబడి తింటాడు. పళ్ళు తోముకుంటూ వీధి చివరి కిరాణా దాకా పోయి వస్తాడు. వాళ్ళమ్మ తాయమ్మ, మే నెల కత్తిరి ఎండల్లో పుట్టినోడు వాడి కాలెట్లా నిలుస్తాదని ఒకే మాటలో తేల్చేస్తుంది. పోయిన ఏడాది మాత్రం ఒక మ్యాచులో పిలిచారు. అవతలివాళ్ళు ముగ్గురు పరుగుకు కాచుకుని ఉన్నారు. బ్యాటు పట్టుకుని వచ్చిన ముగ్గుర్నీ తొమ్మిదే బంతుల్లో అవుట్ చేశాడు. ఎవరో ఫోనులో తీసిన ఆ వీడియోనే స్టెల్లా మేడం చెన్నైకి పంపింది.

కోమలి కూడా ఈ ఆటలోంచి వచ్చిందే. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు, బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్‌లో కాలేజీ జట్టుకు క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే మనిషి. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు అందించేటప్పుడు ఆమె కుడిచేతి ఉంగరం వేలు పక్కకు వంగి ఉండడం అందరికీ కనిపించింది. అందరూ చూడనట్టు నటించారు. సుకుమార్ ఒక్కడే వేలు వైపు చూసి, "క్యాచరా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పేసుకుంది. వంటొచ్చా అని ఎవరో అడిగారు, ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

ఇంట్లో ఒకరినొకరు ఏమని పిలవాలో ఇద్దరికీ ఇంకా తేలలేదు. ఆమె "ఇదో, నిన్నే" అంటుంది. గ్రౌండులో ఆ ఇబ్బంది లేదు. గ్లవ్ చాపి "రా అబ్బా!" అని అరిస్తే చాలు. గ్లవ్ అల్లిక తెగితే కుట్టిచ్చింది తాయమ్మ. ఆమె ఆ వీధిలో రవికెలు కుట్టే మనిషి. మైనం పట్టించిన దారంతో, గోనెసూదితో, ఒక పూటంతా కూర్చుని కుట్టి, "దీంట్లో ఏం పట్టుకుంటారో ఏమో, నాకైతే మామిడికాయ పట్టేట్టు ఉండాది," అని కోడలి ఒళ్ళో పడేసింది.

శుభవార్త వచ్చిన సాయంత్రమే కోమలి తల్లి కుప్పమ్మ తిరుచానూరు నుంచి పసుపు, కుంకుమ, అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. మర్నాడు ఆషాఢం పడుతుంది. కొత్త కోడలు అత్త ఇంట్లో ఉండకూడదు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆ నెలంతా ఒకరినొకరు చూసుకోకూడదు. తాయమ్మ అడ్డు చెప్పలేదు. కోడలి జడలో పూలు పెట్టి పంపింది. సుకుమార్ బస్టాండులో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఆషాఢం జూలై ఇరవై నాలుగుతో సరి. పరీక్ష ఇరవై ఏడున. మధ్యలో రెండు దినాలు. అంతవరకూ వేపచెట్టుకు టైరు కట్టుకుని వేసుకుంటాడు, ఆ తర్వాత రెండు దినాలు ఆమె పట్టిస్తే చాలు.

"రెండు దినాలు శానా," అన్నాడు. బస్సు కదిలినాక కూడా కిటికీ పక్కనే నడిచాడు, తర్వాత పరుగెత్తాడు, సిగ్నలు దగ్గర బస్సు ఆగితే దాన్ని దాటిపోయాడు.

తిరుచానూరులో కుప్పమ్మకు గుడికి పోయే వీధిలో పూల అంగడి. కోమలికి ఆ వంకర వేలు దారం ముడెయ్యడానికి భలే పనికొస్తుంది, మిగతావాళ్ళు పది మూరలు కట్టేసరికి తను పదమూడు కడుతుంది. కానీ మనసు నిలవలేదు. అంగట్లో పలక మీద అందరిలా కూర్చోకుండా, మడమల మీద గొంతుక్కూర్చునేది. "ఏందే ఆ కూర్చునేది, కప్ప మాదిరి," అని కుప్పమ్మ విసుక్కునేది. పొద్దున్నే ఆటో ఆయన కనకాంబరాల మూటలు దించి ఇస్తానంటే, వద్దు, అక్కడినుంచే విసిరెయ్యమని అడిగేది. ఒక్కో మూటా వచ్చి రెండు చేతుల్లో చల్లగా, తడిగా పడితే, ఆ ఒక్క క్షణం బాగుండేది. నాలుగు మూటలే వచ్చేవి. ఐదోది ఉంటే ఎంత బాగుండు అనుకునేది.

రోజూ పొద్దున ఆరూ నలభైకి వీడియో వచ్చేది. సుకుమార్, వేపచెట్టు, టైరు. ముప్పై బంతులు. మల్లెపూలు ఒళ్ళో పోసుకుని ఆమె ఒక్కొక్కటీ చూసేది. మొదటి రెండు వారాలు గీకే కాలు చూసి మురిసిపోవడానికే సరిపోయింది. మూడో వారంలో బంతి వైపు చూసింది.

సుకుమార్‌కు ఉన్న ఆస్తి ఒకే ఒక బంతి. అది బ్యాటు పట్టినవాడి నడుము ఎత్తున నేరుగా వస్తుంది. వాడు బ్యాటు ఊపినాక చివరి రెండడుగుల్లో మెట్టు దిగినట్టు కిందికి జారుతుంది. దాన్ని పట్టేటప్పుడు కోమలి గ్లవ్‌ను ముందు నడుము ఎత్తున చూపించి, బంతి అతని చేతిని వదిలినాక కిందికి దించేది. అతను పైకి గురిపెట్టేవాడు, కింద ఆమె ఉంటుందని నమ్మేవాడు. టైరు కిందికి దిగదు. బంతి టైరులోంచి పోతే బాగా వేసినట్టు అనిపిస్తుంది. నెల తిరక్కుండానే అతని చెయ్యి బంతిని టైరులోంచి పంపడం నేర్చుకుంది, జారడం మర్చిపోయింది.

ఆ సంగతి ఫోనులో చెప్పింది. అతనికీ తెలుసు. టైరు దించి కడితే బంతి మొదట్నుంచే కింద పోతోందట. స్కూలు పిల్లల్లో పెద్దవాణ్ణి ఒకణ్ణి గ్లవ్ ఇచ్చి కూర్చోబెడితే, వాడు కళ్ళు మూసుకున్నాడట, భుజానికి తగిలిందట. మళ్ళీ ఎవర్నీ కూర్చోబెట్టలేదు. జట్టులో పాత క్యాచరు ఊరు వదిలి ఉద్యోగానికి పోయాడు, స్టెల్లా మేడంకు మోకాళ్ళు వంగవు.

"నువ్వొస్తావు గదా. రెండు దినాలు," అన్నాడు. ఈసారి శానా అనలేదు.

ఒక్క పూట పోయి పట్టించి వస్తానని కోమలి తల్లిని బతిమాలింది. ఇంకో ఆరు దినాలు ఓర్చుకోలేవా అని కుప్పమ్మ అడిగింది. ఓర్చుకోగలనని చెప్పింది కోమలి. చెప్పి, మేడ మీదికీ కిందికీ ఆరుసార్లు తిరిగింది.

ఇరవై నాలుగో తేదీ గురువారం మధ్యాహ్నానికి సంచి సర్దేసింది. మాస్కు, కొబ్బరినూనె రాసి మెత్తబరిచిన గ్లవ్, రెండు జతల బట్టలు. మర్నాడు శ్రావణం మొదటి శుక్రవారం, అంగడికి ఏడాదిలోకెల్లా పెద్ద బేరం. అయినా కుప్పమ్మ పోనిమ్మంది, తొలి బస్సుకే పొమ్మంది. కోమలి సంతోషం పట్టలేక, రేపొస్తున్నానని అత్తకు ఫోను చేసింది.

అవతల కుట్టుమిషను చప్పుడు. దాని మీదుగా తాయమ్మ గొంతు.

"రేపెట్లొస్తావు మ్మే? ఆడి పడి వారమే గదా అయింది. ఆడి పోనీ. ఆగస్టు పదిహేడున వాడే వచ్చి పిల్చుకొస్తాడు."

కోమలికి ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైంది. తాయమ్మ పుట్టిల్లు తమిళనాడులో, గుడియాత్తం పక్కన. అక్కడ అరవ పంచాంగం. వాళ్ళకు ఆషాఢమంటే ఆడి నెల, అది జూలై పదిహేడున మొదలైంది, ఆగస్టు పదహారు దాకా ఉంటుంది. కుప్పమ్మది తెలుగు పంచాంగం, ఆమె ఆషాఢం ఈ రోజుతో అయిపోయింది. కుప్పమ్మ వచ్చి పిల్లను పిల్చుకుపోయినప్పుడు, మూడు వారాలు ముందే ఎందుకొచ్చిందో, అమ్మకు బిడ్డ మీద బెంగేమో అనుకుంది తాయమ్మ. ఇద్దరూ ఎంత మర్యాదస్తులంటే, ఒకరినొకరు తారీఖు అడగలేదు.

కుప్పమ్మ ఫోను అందుకుంది. పది నిమిషాలు వదినా అంటే వదినా అని మాట్లాడుకున్నారు. మాట ఎంత మెత్తనైతే మనసు అంత గట్టిపడుతున్నట్టు కోమలికి తెలిసిపోయింది. మీ పద్ధతి మీది వదినా అంది కుప్పమ్మ. అవును వదినా, మా ఇంటికొచ్చేటప్పుడు మా పద్ధతి అంది తాయమ్మ. ఫోను పెట్టేశాక కుప్పమ్మ ఒక మూర కొలిచి, తెంపి, ఇంక తను చెయ్యగలిగిందేమీ లేదన్నట్టు నీళ్ళు చిలకరించింది.

కోమలి అంగట్లో నిలవలేకపోయింది. గుడి చుట్టూ వీధుల్లో నడిచింది, యాత్రికుల మధ్య, లాడ్జీల మెట్ల పక్కన, గాజుల బండ్ల మధ్య. నడుస్తూ నడుస్తూ సుకుమార్‌కు ఫోను చేసింది. అతనూ నడుస్తున్నాడు. చెప్పుల కింద కంకర చప్పుడు వినిపిస్తోంది.

అమ్మకు ఎదురుచెప్పి తీసుకొస్తావా అని అడిగింది. అవతల కంకర చప్పుడు ఆగింది. పెళ్ళయినప్పట్నుంచీ అతను అట్లా ఆగిపోవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"అమ్మతో పోట్లాడి పోతే ఆదివారం నా చెయ్యి పడదు, కోమలీ. నాకు తెలుసు. టైరుతోనే అవుతాదిలే."

అవదని ఇద్దరికీ తెలుసు. చెన్నైలో అతనికి పదో పన్నెండో బంతులు ఇస్తారు. కింద ఎవరో కొత్త క్యాచరు ఉంటాడు, గ్లవ్ ఎట్లాగూ దించుతాడు. కానీ అప్పటికి సుకుమార్ చేతికి ఆ నమ్మకం తిరిగి రావాలి. ఒక్క పూట. ముప్పై బంతులు. పద్నాలుగేళ్ళు పిలుపు కోసం కాచుకున్నవాడికి పిలుపొచ్చింది, ఇప్పుడు పట్టేవాళ్ళు లేరు.

అతను మాత్రం మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. కోమలీ అన్నాడు. అంత దిగుల్లోనూ ఆమె అది గమనించింది, చేతిలో పడ్డ పూలమూటలా ఆ మాటను ఒక్క క్షణం పట్టుకుంది. ఆ వెంటనే, మనసు మారేలోగా, అత్తకు మళ్ళీ ఫోను చేసింది.

మిషను తిరుగుతూనే ఉంది. కోమలి మర్యాదలన్నీ మానేసి అడిగింది.

"అత్తా, ఆడిలో కూడదనేది ఏంది? సూసుకునేదా, దగ్గిరుండేదా?"

"దగ్గిరుండేది. దగ్గిరుంటే ఆడిలో కడుపొస్తాది, కత్తిరిలో కాన్పొస్తాది. నేను పడినాను, నాకు తెలుసు. ఆ ఎండల్లో వీణ్ణి కని, నేనొకదాన్ని కాబట్టి బతికినాను."

"ఎంత దగ్గిర అత్తా?"

"అదేం మాట?"

"ఆయన బంతేసేది అరవై అడుగుల అవతల్నుంచి. నేను పట్టేది ఈ పక్క. అటూ ఇటూ పోయేది బంతొక్కటే. మేం పోము. ఈ గడపా వద్దు, ఆ గడపా వద్దు. గ్రౌండుకు గడపుండాదా?"

మిషను ఆగింది.

వెనకాల ఎవరో నవ్వారు. గోవిందయ్య. ఫోను స్పీకరులో ఉందని కోమలికి అప్పుడు తెలిసింది.

"పాకాల సంగతి చెప్పు మ్మే కోడలికి," అన్నాడాయన.

"నువ్వు నోరు మూసుకో," అంది తాయమ్మ.

ఆయన మూసుకోలేదు. ఆ తొలి ఏడాది ఆయనింకా ఊళ్ళ బస్సు నడుపుతున్నాడట. తాయమ్మను ఆడికి పుట్టింటికి పంపేశారు. పదో దినానికి, చిత్తూరుకూ తిరుపతికీ మధ్యలో ఉన్న పాకాల బస్టాండులో బస్సు ఆపి టీ తాగుతుంటే, కొత్త కోడలు సంచి చంకన పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉందట. గుడియాత్తం నుంచి కాట్పాడి పోయి, అక్కడ రైలెక్కి, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. పాకాలలో పుట్టినోడు కాబట్టే వాడి కాలు నిలవదని ఆయన అంటే, పుట్టింది మాత్రం చిత్తూరు ఆస్పత్రిలోనే అని తాయమ్మ సరిచేసింది. మిగతాదంతా ఒప్పేసుకున్నట్టయిందని తర్వాత తనే నాలుక కరుచుకున్నట్టుంది, మిషను ఒకసారి గిర్రున తిరిగి ఆగింది.

కోమలి నవ్వు ఆపుకోడానికి చున్నీ నోట్లో కుక్కుకుంది. నవ్వితే అంతా పోతుంది. గాజుల బండి పక్కన నిలబడి, ఒంటికాలితో నేల గీకుతూ కాచుకుంది. అది తన కాలేనా అని చూసుకుని ఆశ్చర్యపోయింది.

"మాకు అప్పుడు కొలిచేవోళ్ళు లేకపోయినారు," అంది తాయమ్మ చివరికి. గొంతు మారలేదు, గట్టిగానే ఉంది. "సరే, విను. మీయమ్మకు కూడా చెప్పు. శుక్రవారం బేరం ఇడిసి ఆమె రావద్దు, ఒక మూర పూలు పంపితే శాలు. రేపు పొద్దున ఆరున్నరకు పాకాల, రైల్వే గ్రౌండు. నువ్వు ఆ పక్కనుంచి రా, వాణ్ణి నేను ఈ పక్కనుంచి పిల్చుకొస్తా. ముప్పై బంతులు, కావాలంటే అరవై. అది కాంగానే నువ్వు మీయమ్మ కాడికి, ఎల్లుండి వాడు చెన్నైకి. శుభవార్త వచ్చినాదని ఆపొద్దు పరిగెత్తినావంట గదా, ఆ పరుగులు రేపు కుదరవు. నా టేపు ఐదడుగులుండాది. పన్నెండు తూర్లు నేనే పరిచి కొలుస్తా. ఒక్క తూరి తగ్గినా నిన్ను తిరపతి బస్సెక్కిస్తా."